పిల్లలను అనుమతించని ఓడలో లగ్జరీ సూట్: పెట్టిన డబ్బుకు తగినదేనా?

కర్నూలు నుంచి మీరు అడిగినది క్లుప్తంగా ఇది. మీ పెళ్లయి ముప్పై ఏళ్లు నిండుతున్న సందర్భంగా, అమెరికాలో ఉన్న మీ అబ్బాయి మీ దంపతులకు మయామీ రేవు నుంచి బయలుదేరే ఓడలో నాలుగైదు రాత్రుల ప్రయాణం ఏర్పాటు చేస్తానంటున్నాడు. ఆ ఓడలోకి పద్దెనిమిదేళ్లు నిండనివారిని రానివ్వరు, పైగా తీసుకునేది మామూలు గది కాదు, సూట్, అంటే కూర్చొనే చోటు విడిగా ఉండే ఖరీదైన పెద్ద గది. అది మర్యాదస్తులు వెళ్లదగిన చోటేనా, శాకాహారం దొరుకుతుందా, ఇంత తక్కువ రోజులకు అంత డబ్బు పెట్టడం దండగ కాదా అన్నవి మీ సందేహాలు. అనంతపురంలో స్థిరపడిన మేమిద్దరం వర్జిన్ వాయేజెస్ సంస్థకు చెందిన స్కార్లెట్ లేడీ అనే ఓడలో ఇటువంటి ప్రయాణమే చేసి వచ్చాము కాబట్టి, చూసినది చూసినట్టు చెబుతాను.

మర్యాద సంగతి ముందు తేల్చుకుందాం, ఎందుకంటే మా బంధువులు కూడా మొదట గొంతు తగ్గించి అడిగినది అదే. పిల్లలను రానివ్వనంత మాత్రాన అక్కడ జరగరానిదేదో జరుగుతుందని అనుకోనక్కర లేదు. వైకింగ్ సంస్థ ఓడలలోనూ పద్దెనిమిదేళ్ల నియమమే ఉంది, బ్రిటన్‌కు చెందిన సాగా సంస్థ అయితే యాభై ఏళ్లు దాటినవారి కోసమే ఓడలు నడుపుతుంది. అక్కడ ప్రశాంతతను కోరుకొనే పెద్దవాళ్లే ఎక్కువ. బ్రిటిష్ వ్యాపారవేత్త రిచర్డ్ బ్రాన్సన్ స్థాపించిన ఈ వర్జిన్ వారి ఓడల తీరు మాత్రం వేరు, అది యౌవనాన్ని దృష్టిలో పెట్టుకొని రూపొందించినది: మద్యం ధారాళంగా ఉంటుంది, పచ్చబొట్లు వేసే దుకాణం ఉంటుంది, అర్ధరాత్రి దాటేదాకా డీజే పాటలు మోగుతాయి, రాత్రి ప్రదర్శనలలో కొన్నింటి సంభాషణ మన ఇళ్లలో నలుగురి మధ్య కూర్చొని వినగలిగినది కాదు. అయితే ఏ ప్రదర్శన ఎటువంటిదో సంస్థ యాప్‌లో ముందే రాసి ఉంటుంది, వెళ్లకపోతే ఎందుకు రాలేదని అడిగేవారు లేరు. ఈత కొలను దగ్గర అందరూ ఈత దుస్తులలో ఉంటారు. పక్కనే చీర కట్టుకొని కూర్చున్న మా ఆవిడను వింతగా చూసినవారు ఒక్కరూ లేరు.

అందరూ ఆవిడను ప్రత్యేకంగా చూసినది ఒక్క రాత్రి మాత్రమే, అదీ ముచ్చటపడి. స్కార్లెట్ నైట్ పేరిట ప్రయాణంలో ఒక సాయంత్రం ఓడలోని వారంతా ఎర్రని దుస్తులు ధరిస్తారు. ఆ సంగతి ముందే తెలుసుకొని ఆవిడ ఎర్రని ధర్మవరం పట్టుచీర వెంట తెచ్చుకున్నది. లిఫ్టు దగ్గర ఒక పెద్దావిడ ఆ జరీ అంచును రెండు వేళ్లతో పట్టుకొని, తిరగేసి నేత వెనకవైపు కూడా చూసి, ఇది యంత్రం మీద నేసినదా చేతితోనా అని అడిగింది. ఆ తరువాత ఆ రాత్రి ఫొటోల కోసం ఆగినన్ని సార్లు మేము మా పెళ్లిలో కూడా ఆగి ఉండము. మీకు పెళ్లిరోజు సందర్భం కూడా ఉన్నది కాబట్టి ఎర్రచీర ఒకటి పెట్టెలో సర్దుకోండి.

ఒక విషయం మీ అబ్బాయితో ఇప్పుడే మాట్లాడుకోవాలి. మనుమలు, మనుమరాళ్లు ఉంటే వారిని ఈ ఓడ ఎక్కనివ్వరు, చంటిబిడ్డకు కూడా మినహాయింపు లేదు. అమెరికా వెళ్లేదే పిల్లలతో గడపడానికి అయినప్పుడు, వారిని వదిలి సముద్రం మీదికి వెళ్లడానికి మనసు ఒప్పుతుందా అన్నది మీరే తేల్చుకోవాలి. మా మనుమడు తల్లిదండ్రుల దగ్గరే ఉండిపోయాడు. ఆవిడ మొదటి రోజంతా వాడికి వాట్సాప్‌లో వీడియో కాల్ చేస్తూనే ఉన్నది.

ఇక అసలు ప్రశ్న సూట్ గురించి. ఈ సంస్థ వారు తమ సూట్లను రాక్‌స్టార్ క్వార్టర్స్ అంటారు, ఆ పేరు చూసి మాకు నవ్వు వచ్చిన మాట నిజం. గది చాలా బాగున్నది, దానిలో సందేహం లేదు. మామూలు గదులలో పగటిపూట మంచాన్ని సోఫాగా మలుస్తారు, సూట్‌లో ఆ అవసరం లేకుండా మంచం మంచంగానే, కూర్చొనే చోటు కూర్చొనే చోటుగానే ఉంటాయి. దీపాలూ తెరలూ అన్నీ ఒక టాబ్లెట్ మీద నడుస్తాయి. మొదటి రాత్రి నేను దీపం ఆర్పబోతే తెరలు వాటంతట అవే పక్కకు జరిగిపోయాయి, చీకట్లో సముద్రం కనబడి ఆవిడ ఉలిక్కిపడింది. బాల్కనీలో ఎర్రతాళ్లతో అల్లిన ఊయల వంటి హామక్ ఒకటి వేలాడుతూ ఉంటుంది. మన వయసువారు దానిలోకి ఎక్కాలంటే ముందు అడ్డంగా మధ్యలో కూర్చొని, బరువు నిలిచాక కాళ్లు పైకి తీసుకోవాలి. దిగేటప్పుడు కూడా అదే వరుస తిరగేయాలి, తొందరపడితే ఊయల మనిషిని దొర్లించేస్తుంది. కానీ ఈ హామక్ సూట్‌లకే పరిమితమైనది కాదు, బాల్కనీ ఉన్న మామూలు గదులలోనూ ఉంటుంది. అందుచేత ఫొటోలలో ఆ ఊయలను చూసి సూట్ కోసం డబ్బు పెట్టకండి.

నా అభిప్రాయంలో సూట్‌కు చెల్లించే అదనపు సొమ్ము గది కోసం కాదు, నిలబడే పని తప్పించుకోవడం కోసం. రెండు వేల ఏడు వందల మందికి పైగా ప్రయాణికులు పట్టే ఓడ అది. మయామీ రేవులో అంతమంది పెట్టెలతో, పాస్‌పోర్టులతో వరుస కట్టే సమయంలో సూట్‌వారిని వేరే దారిలో తీసుకువెళ్లి కూర్చోబెట్టి ఎక్కిస్తారు. భోజనశాలలలోనూ ప్రదర్శనలలోనూ చోటు రిజర్వు చేసుకునే వీలు వారికి ఇతరులకంటే ముందుగా తెరుచుకుంటుంది. పై అంతస్తులో రిచర్డ్స్ రూఫ్‌టాప్ అనే ఆరుబయలు ప్రదేశంలోకి సూట్‌వారిని తప్ప ఎవరినీ రానివ్వరు. కింద కొలను దగ్గర పాటలు హోరెత్తుతున్నప్పుడు మేము సాయంత్రాలు గడిపినది అక్కడే. మోకాళ్ల నొప్పితో పది నిమిషాలు ఒకచోట నిలబడలేని ఆవిడకు ఈ సదుపాయాలే సూట్ మొత్తంలోకీ విలువైనవి అనిపించాయి. మోకాళ్లు బాగున్న ముప్పై ఏళ్ల జంటకు అదే సొమ్ము వృథా.

తక్కువ రోజుల ప్రయాణంలో ఇంకొక లెక్క ఉన్నది. మొదటి రోజు ఓడ ఎక్కేసరికి మధ్యాహ్నం దాటుతుంది, చివరి రోజు పొద్దున్నే గది ఖాళీ చేయాలి, నడుమ ఉన్న రోజులలో సగం కాలం రేవులలో దిగి తిరగడానికే పోతుంది. అందుచేత గదిలో కూర్చొని అనుభవించే గంటలు మనం ఊహించుకున్నంత ఉండవు. సూట్ ధరలో గదిలోని మద్యం సీసాలు కూడా కలిసి ఉంటాయి. ఆ అలవాటు లేని మావంటివారు తాగని దానికి కూడా చెల్లించినట్టే. మా ఊరిలో ఒక ట్రావెల్ ఏజెంటు సూట్ తీసుకుంటే ఓడలో రూపాయి ఖర్చు ఉండదని గట్టిగా చెప్పాడు, అది శుద్ధ అబద్ధం. భోజనం టిక్కెట్టులోనే వస్తుంది, నిజమే. కానీ మసాజులు, రేవులలో తిప్పి చూపించే యాత్రలు, అదనపు మద్యం అన్నింటికీ విడిగా బిల్లు పడుతుంది. మేము వెళ్లినప్పుడు సిబ్బందికిచ్చే టిప్పు కూడా టిక్కెట్టులోనే ఉండేది, అయితే ఇటువంటి నియమాలు మారుతూ ఉంటాయి కనుక బుక్ చేసే రోజున మీ అబ్బాయిని చూసుకోమనండి. మీ సొంత డబ్బు అయితే బాల్కనీ ఉన్న మామూలు గదే తీసుకొని, మిగిలిన దానితో మరికొన్ని రాత్రులు ఎక్కువ ఉండే ప్రయాణం చూసుకోమని చెప్పేవాడిని. కొడుకు ముచ్చటపడి ఇస్తున్నాడు కనుక, పైగా మీకు నడుము నొప్పి ఉన్నదని రాశారు కనుక, కాదనకండి.

భోజనం గురించి ఎక్కువ బెంగపడవద్దు, అలాగని మన భోజనం ఉంటుందనీ ఆశించవద్దు. ఈ ఓడలలో బఫే ఉండదు. చిన్న చిన్న భోజనశాలలు చాలా ఉంటాయి, ఎక్కడైనా కూర్చొని తెప్పించుకోవచ్చు. రేజిల్ డేజిల్ అనే చోట కూరగాయల వంటకాలకే ప్రాధాన్యం, కానీ అక్కడ గుడ్డూ మాంసమూ కూడా వడ్డిస్తారు. ఎక్స్‌ట్రా వర్జిన్‌లో ఇటలీ పాస్తా, పింక్ అగావేలో మెక్సికో వంటలు దొరుకుతాయి. బల్ల మీదనే మాంసం కాల్చుకొని తినే గన్‌బే అనే కొరియా భోజనశాల జోలికి శాకాహారులు పోనక్కర లేదు. ఎక్కడ కూర్చున్నా శాకాహారమని ఊరుకోకుండా, గుడ్డు వద్దు, చేపల సాసు వద్దు, కోడి మాంసం ఉడికించిన నీళ్లు కూడా వద్దు అని విడమరిచి చెప్పాలి. చెబితే శ్రద్ధగా రాసుకుంటారు. కారం విషయంలో మాత్రం సీమ నాలుకకు అక్కడ న్యాయం జరగదు. మూత తీయని ప్యాకెట్‌లో మేము తీసుకువెళ్లిన చెనిక్కాయల పొడిని ఆవిడ వేయించిన బంగాళాదుంప ముక్కల మీద చల్లుకొని తిన్నది, వడ్డించే అబ్బాయి కూడా చిటికెడు అడిగి రుచి చూశాడు. ఇంటిలో వండిన పదార్థాలు మాత్రం తీసుకువెళ్లకండి. అలాగే దిగేటప్పుడు ఓడలోని పండు ఒక్కటి కూడా సంచిలో ఉండకూడదు, అమెరికా కస్టమ్స్ వారు ఆ విషయంలో కఠినంగా ఉంటారు.

ప్లాస్టిక్ నీళ్ల సీసాలు అమ్మరు, గదిలో ఇచ్చిన సీసాను నింపుకోవాలి. ఇటువంటి ఓడలలో సముద్రపు నీటి నుంచే మంచినీరు తయారు చేస్తారని తెలిసినప్పుడు, ఎండాకాలం కుళాయి నీళ్లకు వంతులు కాచిన మా కాలనీ గుర్తుకు రాకుండా ఎలా ఉంటుంది?

ఓడ ఊగడం గురించి మీరు అడగలేదు కానీ, గది ఎంచుకునేటప్పుడు ఆలోచించవలసినది అదే. మయామీ ఉన్న ఫ్లోరిడా రాష్ట్రానికీ బహామాస్ దీవులకూ నడుమ గల్ఫ్ స్ట్రీమ్ అనే వెచ్చని ప్రవాహం ఉత్తరానికి పారుతూ ఉంటుంది. చలికాలంలో ఉత్తరపు గాలి దానికి ఎదురు వీచినప్పుడు అలలు నిటారుగా లేస్తాయి. ఓడ మధ్యభాగంలో, కింది అంతస్తులలో ఊపు తక్కువగానూ, పైకి పోయేకొద్దీ, ముందు వెనక కొసలకు పోయేకొద్దీ ఎక్కువగానూ తెలుస్తుంది. ఖరీదైన గదులు ఎక్కువగా పై అంతస్తులలోనే ఉంటాయి కాబట్టి, డబ్బు ఎక్కువ పెట్టినవారికే ఊపు కూడా ఎక్కువ దక్కుతుంది. ఉన్న సూట్లలో ఓడ మధ్యకు దగ్గరగా ఉన్నది అడగండి, కడుపులో తిప్పకుండా వేసుకునే మాత్రలు మీ డాక్టరును అడిగి ముందే తెచ్చుకోండి. బీపీ మందులు వాడుతున్నవారు అడగకుండా వేసుకోకూడదు.

దిగి చూసే చోట్లలో బిమిని దీవి మాకు బాగా నచ్చింది. మయామీకి సుమారు 80 కిలోమీటర్ల దూరంలోనే ఉన్నా అది బహామాస్ దేశం. సంస్థ వారి సొంత బీచ్ క్లబ్ అక్కడ ఉన్నది, లోతు లేని తేటనీటిలో మోకాలి దాకా దిగి ఎంతసేపైనా నిలబడవచ్చు. ఫ్లోరిడా దక్షిణపు కొసన ఉన్న కీ వెస్ట్ ఊరిలో, క్యూబా 90 మైళ్లని రాసి ఉన్న దిమ్మె దగ్గర ఫొటోకు పెద్ద వరుస ఉంటుంది, అక్కడ సూట్ ఏమీ పని చేయదు.

బిమిని వేరే దేశం కావడం వలన కాగితాల విషయంలో జాగ్రత్త అవసరం. తిరిగి అమెరికాలో అడుగు పెట్టాలి కాబట్టి మీ వీసా ఒకటికంటే ఎక్కువసార్లు ప్రవేశించడానికి అనుమతించేది కావాలి. దాని మీద మల్టిపుల్ అని లేదా ఎం అని ఉన్నదో లేదో చూసుకోండి. అబ్బాయి, కోడలు కూడా మీతో వస్తామంటే, వారు హెచ్-1బీ అనే ఉద్యోగ వీసా మీద ఉన్నట్లయితే పాస్‌పోర్టులో వీసా స్టాంపు గడువు తప్పనిసరిగా చూసుకోవాలి. ఉద్యోగానికి అనుమతి ఉన్నా, స్టాంపు గడువు ముగిసి ఉంటే బహామాస్ నుంచి తిరిగి రావడం చిక్కవుతుంది. బహామాస్ ప్రవేశ నియమాలను కూడా ఓడ సంస్థనే రాతపూర్వకంగా అడిగి తెలుసుకోండి. అమెరికా ప్రయాణానికి మీరు తీసుకునే బీమా ఓడ ప్రయాణాలకు, ఓడలోని ఆసుపత్రి ఖర్చుకు వర్తిస్తుందో లేదో పాలసీ చదివి చూడాలి. ఓడలో వైద్యానికి చేతినుంచే కట్టవలసి వస్తుంది.

అసలు సముద్రం మీద ఉండగలమా అన్న భయమే ఉంటే, అంత దూరం వెళ్లక ముందు చెన్నై నుంచి కార్డీలియా ఓడ నడిచే కాలంలో ఒకసారి ఎక్కి చూడవచ్చు. దానిలో పిల్లలూ ఉంటారు, మన భోజనమూ ఉంటుంది. అమెరికాలో తేదీలు ఖాయం చేసుకునేటప్పుడు ఆగస్టు నుంచి అక్టోబరు దాకా వద్దనుకోండి, అక్కడి తుపాన్లు ఉధృతంగా ఉండేది అప్పుడే. మీ పెళ్లిరోజు ఫిబ్రవరిలో అన్నారు కాబట్టి ఆ చిక్కు లేదు. కానీ ఆ నెలలో గాలి ఎక్కువైతే బిమిని రేవులో ఓడ ఆగకుండా సాగిపోవడం ఉంటుంది, కనుక అక్కడ డబ్బు కట్టి ముందే ఏదీ బుక్ చేసుకోకండి. సాయంత్రాలు పై అంతస్తులో చలిగా ఉంటుంది, మీ ఆవిడకు శాలువా, మీకు స్వెటరు సర్దుకోండి.