చిన్న కేబినెట్‌లో వాటర్ కూలింగ్: పాఠకుల ప్రశ్నలు, మా జవాబులు

ఎండలు ముదిరే కొద్దీ ఈ శీర్షికకు వచ్చే ఉత్తరాల్లో కంప్యూటర్ వేడి గురించిన ప్రశ్నలు పెరుగుతుంటాయి. ఈసారి అందిన వాటిలో చిన్న కేబినెట్‌లో సొంతంగా వాటర్ కూలింగ్ లూప్ (పంపు, గొట్టాలు, రేడియేటర్ గుండా నీటిని తిప్పి వేడిని తీసేసే ఏర్పాటు) అమర్చుకోవాలనుకునేవారి ప్రశ్నలను ఒకచోట చేర్చి జవాబులిస్తున్నాము.

ప్రశ్న: మాది పై అంతస్తు ఇల్లు, గదిలో ఏసీ లేదు. కూలర్ మాస్టర్ ఎన్‌ఆర్200 కేబినెట్‌లో రైజెన్ 7 7800ఎక్స్3డీ ప్రాసెసర్, ఆర్‌టీఎక్స్ 4070 సూపర్ గ్రాఫిక్స్ కార్డు పెట్టి, రెండింటినీ ఒకే లూప్‌లో కలపాలనుకుంటున్నాను. 240 మిల్లీమీటర్ల రేడియేటర్ ఒక్కటే పెట్టగలను. మే నెలలో అది తట్టుకుంటుందా?
– ఒక పాఠకుడు, కూకట్‌పల్లి

జవాబు: తట్టుకుంటుంది, అయితే మీరు ఆశిస్తున్నంత చల్లగా ఉండదు. లూప్‌లోని నీరు ప్రాసెసర్ దగ్గర, కార్డు దగ్గర పుట్టిన వేడిని రేడియేటర్ వరకు మోసుకుపోతుంది, అంతవరకే దాని పని. ఆ వేడిని బయటికి పంపేది రేడియేటర్ రెక్కల మధ్య నుంచి దూసుకుపోయే గాలి కనుక, లూప్‌కు ఎంత ఖర్చు పెట్టినా నీరు గదిలోని గాలి కంటే చల్లబడదు. మీ విషయంలో లెక్క మొదలుపెట్టవలసింది ప్రాసెసర్ దగ్గర కాదు, మీ గది దగ్గర.

4070 సూపర్ కార్డుకు తయారీదారు నిర్ణయించిన విద్యుత్ పరిమితి 220 వాట్లు. మీ ప్రాసెసర్ ఆటల్లో సాధారణంగా 100 వాట్ల లోపే వాడుతుంది. మొత్తం 300 వాట్లు అనుకుందాం. ఫ్యాన్లు చెవికి ఇబ్బంది కలిగించని వేగంతో తిరుగుతున్నప్పుడు, నీటికీ గాలికీ 10 డిగ్రీల తేడా ఉంటే, 120 మిల్లీమీటర్ల రేడియేటర్ భాగం ఒక్కొక్కటి సుమారు 100 నుంచి 125 వాట్ల వేడిని వదిలించగలదని మోటు లెక్క. మీ రేడియేటర్‌లో అలాంటి భాగాలు రెండే ఉంటాయి కాబట్టి, నీరు గది కంటే 12 నుంచి 15 డిగ్రీలు ఎక్కువ వేడిగా ఉంటుంది. మే నెల మధ్యాహ్నం స్లాబు కాలి గదిలో 37 డిగ్రీలు ఉంటే నీరు 50 డిగ్రీల చుట్టుపక్కలకు చేరుతుంది. లోపల నీరు పారేలా చేసి చిప్పు మీద బిగించే లోహపు బ్లాకు సరిగ్గా అతుక్కుంటే కార్డు చిప్పు నీటి కంటే మరో 10 నుంచి 15 డిగ్రీలు ఎక్కువగా, అంటే 65 డిగ్రీల చుట్టుపక్కల నిలుస్తుంది. ఇది కార్డుకు హాని చేసే వేడి కాదు. అయితే పంపులకు సాధారణంగా చెప్పే నీటి గరిష్ఠ పరిమితి 60 డిగ్రీలు కనుక మీకు మిగిలే వెసులుబాటు తక్కువ. పెట్‌జీ ప్లాస్టిక్‌తో చేసిన గట్టి గొట్టాలు కూడా ఆ వేడికి మెత్తబడటం మొదలుపెడతాయి. అందువల్ల చూపుకు అందంగా ఉన్నా వాటిని పక్కన పెట్టి, నల్లటి ఈపీడీఎం రబ్బరు గొట్టాలు వాడండి. అవి వేడిని తట్టుకుంటాయి, ఇరుకులో చేతితో వంచుకోవచ్చు, వాటి గోడల గుండా నీరు ఆవిరై పోవడం కూడా తక్కువే.

ప్రాసెసర్ విషయంలో మాత్రం పెద్ద మార్పు ఆశించవద్దు. 7800ఎక్స్3డీలో అదనపు క్యాష్ (డేటాను దగ్గర ఉంచుకునే వేగవంతమైన మెమరీ) పొర కోర్లున్న చిప్పు పైనే పేర్చి ఉంటుంది కాబట్టి, వేడి ఆ పొరను, దానిపైని మందపాటి మూతను దాటుకుని రావాలి. అడ్డు అక్కడే ఉన్నప్పుడు పైన ఎంత మంచి బ్లాకు పెట్టినా తగ్గేది కొద్ది డిగ్రీలే. నిజమైన లాభం గ్రాఫిక్స్ కార్డుకే దక్కుతుంది. ప్రాసెసర్ ఒక్కదానికోసమే లూప్ కడతామని రాసిన మరో ఇద్దరు పాఠకులకు కూడా ఇదే మా సమాధానం: ఆ డబ్బుతో మంచి ఎయిర్ కూలర్ కొనుక్కోండి.

ఇక కొలతలు. ఎన్‌ఆర్200 పరిమాణం 18.25 లీటర్లు, అందులో పట్టేది 170 మిల్లీమీటర్ల చదరపు మినీ ఐటీఎక్స్ మదర్‌బోర్డు, ఎస్ఎఫ్ఎక్స్ అనే చిన్న సైజు ఎస్ఎంపీఎస్ (కంప్యూటర్‌కు కరెంటు అందించే పెట్టె). పక్క బ్రాకెట్‌కు 240 లేదా 280 రేడియేటర్ బిగించవచ్చని కేబినెట్ వివరాల్లో ఉంటుంది, అది నిజమే. కానీ 240 అన్నది రెండు ఫ్యాన్ల కొలత. రెండు చివర్లలోని నీటి తొట్లతో కలిపితే రేడియేటర్ అసలు పొడవు 270 నుంచి 280 మిల్లీమీటర్ల దాకా వస్తుంది. మందం చూస్తే సన్న రకం రేడియేటర్ 27 నుంచి 30, దానికి మామూలు ఫ్యాన్ 25, వెరసి 55 మిల్లీమీటర్ల దాకా అవుతుంది. 15 మిల్లీమీటర్ల పలుచని ఫ్యాన్లు పెడితే 10 మిల్లీమీటర్లు కలిసివస్తాయి గానీ, అవి అదే గాలిని తోయడానికి ఎక్కువ రొద చేస్తాయి. ఫిట్టింగు తల, అక్కడినుంచి గొట్టం వంపు తిరగడానికి కావలసిన జాగా, ఈ రెండింటినీ చాలామంది లెక్కలో వేసుకోరు. అట్టముక్కను రేడియేటర్ కొలతకు కత్తిరించి, కేబినెట్‌లో నిలబెట్టి, సైడ్ ప్యానెల్ మూసి చూసిన తరువాతే సామాను ఆర్డర్ చేయండి.

కార్డుకు బ్లాకు కొనేటప్పుడు 4070 సూపర్ అన్న పేరు ఒక్కటే చూస్తే సరిపోదు. ఒకే చిప్పుతో వేర్వేరు కంపెనీలు వేర్వేరు సర్క్యూట్ బోర్డులు తయారు చేస్తాయి, ఒకే కంపెనీలోనూ మోడల్‌ను బట్టి అవి మారతాయి. బ్లాకు తయారీదారు ఇచ్చిన జాబితాలో మీ కార్డు పూర్తి పేరు ఉందో లేదో చూసుకోండి. కూలర్ విప్పితే వారంటీ సంగతి ఏమవుతుందో కార్డు అమ్మినవారిని ముందే అడిగి, జవాబు ఈమెయిల్‌లో తీసుకోండి.

మరొక మాట. కార్డు పవర్ పరిమితిని సాఫ్ట్‌వేర్‌లో 80 శాతానికి తగ్గిస్తే 44 వాట్లు తగ్గుతాయి. ఆటలో మీరు కోల్పోయే వేగం సాధారణంగా గుర్తుపట్టలేనంత స్వల్పం. ఏప్రిల్, మే నెలల్లో ఇలా చేయడం, చోటు లేని కేబినెట్‌లో రెండో రేడియేటర్‌ను ఇరికించడం కంటే తెలివైన పని అని మా అభిప్రాయం. రేడియేటర్ ఫ్యాన్లు బయటి గాలిని లోపలికి లాగేటట్లు పెట్టి, వేడెక్కిన గాలి పైనుంచి పోయేటట్లు మరో రెండు ఫ్యాన్లు అమర్చండి. లాగే వైపు జాలీ తప్పనిసరి. వీధి వీధికీ ఇళ్లు కట్టే మన ఊళ్లో సన్నని దుమ్ము రెక్కల మధ్య చేరడానికి ఎక్కువ కాలం పట్టదు.

ప్రశ్న: ప్రాసెసర్ నుంచి వచ్చిన వేడినీరు నేరుగా గ్రాఫిక్స్ కార్డులోకి పోతే అది ఇంకా వేడెక్కదా? రెండింటి మధ్య రేడియేటర్ ఉండాలా?
– ఒక పాఠకుడు, సైనిక్‌పురి

జవాబు: అవసరం లేదు. నీరు నిమిషానికి 3 లీటర్ల చొప్పున తిరుగుతుంటే, 300 వాట్ల వేడి మొత్తం కలిసినా, ఒక చుట్టులో నీటి ఉష్ణోగ్రత పెరిగేది సుమారు ఒకటిన్నర డిగ్రీ మాత్రమే. లూప్ అంతటా నీరు దాదాపు ఒకే వేడితో ఉంటుంది. చిన్న కేబినెట్‌లో గొట్టాలు ఎలా పొట్టిగా, మెలిక పడకుండా వస్తే అలా కలపండి. తప్పకూడని వరుస ఒక్కటే, రిజర్వాయర్ (లూప్‌లోకి నీరు పోసే చిన్న ట్యాంకు) నుంచి నీరు నేరుగా పంపులోకి దిగాలి. పంపు బేరింగుకు ఆ నీరే కందెన కనుక అది పొడిగా తిరిగితే పాడవుతుంది.

ప్రశ్న: మా ఇంట్లో ఆర్‌ఓ ఫిల్టర్ ఉంది. ఏసీ పైపు నుంచి రోజూ బకెట్ నిండా నీళ్లు కూడా వస్తాయి. అవి స్వచ్ఛమైనవే కదా, మళ్లీ డబ్బు పెట్టి డిస్టిల్డ్ వాటర్ కొనడం ఎందుకు?
– ఒక ఇంజినీరింగ్ విద్యార్థిని, మల్కాజిగిరి

జవాబు: ఆర్‌ఓ నీటిలో లవణాలు తగ్గుతాయి గాని పూర్తిగా పోవు. పైగా చాలా ఇళ్లలోని ఫిల్టర్లు రుచి కోసం కొంత మామూలు నీటిని తిరిగి కలుపుతాయి. బోరు నీటితో కడిగిన స్టీలు గ్లాసు ఆరాక మీద తేలే తెల్లటి మరక మీకు తెలిసే ఉంటుంది. ప్రాసెసర్ బ్లాకు లోపలి రాగి రెక్కల మధ్య సందులు వెంట్రుకంత సన్నగా ఉంటాయి. అలాంటి పొర కొద్దిగా పేరుకున్నా అక్కడ ప్రవాహం తగ్గిపోతుంది. ఏసీ నీళ్లు ఆవిరి చల్లబడి ఏర్పడినవే అయినా, కాయిల్ మీది దుమ్మును, బూజును, లోహపు అవశేషాలను కడుక్కుంటూ కిందికి వస్తాయి. లూప్‌కు పట్టేది అర లీటరు నుంచి లీటరు నీరే కనుక ఇక్కడ పొదుపు చేయడంలో అర్థం లేదు. సీలు ఉన్న డిస్టిల్డ్ వాటర్ డబ్బా బ్యాటరీ షాపుల్లో దొరుకుతుంది. అదే అరలో బ్యాటరీ యాసిడ్ డబ్బాలు కూడా ఉంటాయి, లేబుల్ చదివి తీసుకోండి.

డిస్టిల్డ్ వాటర్ ఒక్కటే పోసినా చాలదు. నాచు పట్టకుండా బయోసైడ్, లోహం తినకుండా తుప్పు నిరోధకం కలపాలి, లేదా రెండూ కలిసిన రెడీమేడ్ కూలెంట్ కొనాలి. పాలలా చిక్కగా, రంగురంగుల్లో కనిపించే ద్రవాల జోలికి పోకండి. వాటిలో తేలే రేణువులు కొన్నాళ్లకు బ్లాకుల్లో మేట వేస్తాయి.

ప్రశ్న: రాణిగంజ్‌లో పావు అంగుళం ఇత్తడి ఫిట్టింగులు, పాత కారు రేడియేటర్లు చాలా చవక. కంప్యూటర్ కంపెనీల ఫిట్టింగులకు అంత ధర పెట్టడం దండగ కాదా?
– ఒక పాఠకుడు, బోయిన్‌పల్లి

జవాబు: మీ ప్రశ్నలో సగం న్యాయం ఉంది. కంప్యూటర్ బ్లాకుల్లో వాడే జీ 1/4 మర, షాపుల్లో బీఎస్‌పీ పావు అంగుళం సమాంతర మర అని పిలిచేదీ ఒకటే. కానీ ఎయిర్ కంప్రెసర్ సామానులో ఎక్కువగా దొరికేది చివరికి సన్నబడే మర. దానికి టెఫ్లాన్ టేపు చుట్టి బిగిస్తే ఇనుప పైపులో బాగానే కూర్చుంటుంది, యాక్రిలిక్ బ్లాకులో మాత్రం మేకులా దిగి బ్లాకును పగలగొడుతుంది. మీకు కావలసింది సమాంతర మర ఉండి, మెడ దగ్గర రబ్బరు ఓ-రింగు కూర్చునే గాడి ఉన్న ఫిట్టింగు. అలాంటిది అక్కడ దొరికితే నిరభ్యంతరంగా తెచ్చుకోండి. చేతితో బిగించడమే చాలు, పానా పట్టుకుంటే ఓ-రింగు నలిగిపోతుంది.

కారు రేడియేటర్ మాత్రం వద్దు. ఇప్పటి కార్లలో వచ్చేవి అల్యూమినియంవి. రాగి బ్లాకు, అల్యూమినియం రేడియేటర్ ఒకే నీటిలో ఉంటే అల్యూమినియం క్రమంగా తినేసుకుపోతుంది. చవక కిట్లలోనూ ఈ లోపం కనిపిస్తుంది కాబట్టి రేడియేటర్ దేనితో చేసిందో అడగకుండా కొనవద్దు.

ప్రశ్న: సామాను మొత్తం చెనాయ్ ట్రేడ్ సెంటర్‌లోనూ, ఆన్‌లైన్‌లోనూ కొన్నాను. కరెంటు వస్తువులో నీళ్లు పోయడమేమిటని మా నాన్నగారు ఒప్పుకోవడం లేదు. లీకేజీ లేదని ఆయనకు ఎలా చూపించాలి?
– ఒక పాఠకుడు, వనస్థలిపురం

జవాబు: మీ నాన్నగారి అభ్యంతరం సహేతుకమైనదే. స్వచ్ఛమైన నీటిలో విద్యుత్తు పెద్దగా ప్రవహించదని ధైర్యం చెప్పేవారుంటారు. రాగిని, మందులను తాకిన తరువాత ఆ నీరు స్వచ్ఛంగా ఉండదు కాబట్టి ఆ మాట మీద ఆధారపడవద్దు.

ముందు నీరు లేకుండానే పరీక్షించండి. మీటర్ ఉన్న చిన్న చేతి పంపుతో లూప్‌లోకి అర బార్ పీడనం దాకా గాలి ఎక్కించి అరగంట వదిలేయండి. ముల్లు కదలకపోతే మీ ఫిట్టింగులు నిలిచినట్లే. అది నాన్నగారు కళ్లారా చూడగలిగిన రుజువు. తరువాత ఎస్ఎంపీఎస్ నుంచి మదర్‌బోర్డుకు, ప్రాసెసర్‌కు, గ్రాఫిక్స్ కార్డుకు వెళ్లే వైర్లన్నీ తీసేసి, పంపు ఒక్కదానికే కరెంటు అందేలా ఉంచండి. 24 పిన్నుల కనెక్టర్‌లో 16వ పిన్నును, అంటే పాత ఎస్ఎంపీఎస్‌లలో ఆకుపచ్చ వైరు ఉండే చోటును, పక్కనున్న నల్ల వైరు పిన్నుతో కలిపితే ఎస్ఎంపీఎస్ ఆన్ అవుతుంది. ఇందుకోసం అమ్మే జంపర్ వాడితే క్షేమం. ప్రతి ఫిట్టింగు కింద తెల్ల టిష్యూ మడిచి పెట్టండి. రిజర్వాయర్ నింపి పంపును రెండు మూడు సెకన్లు మాత్రమే తిప్పి ఆపండి, నీటిమట్టం పడిపోగానే మళ్లీ నింపండి. లూప్ నిండేదాకా ఇలాగే చేయాలి.

చిన్న కేబినెట్‌లో గాలి బుడగలు రేడియేటర్ పై మూలల్లో చిక్కుకుంటాయి. ఆ గలగల చప్పుడు ఆగేవరకు, రిజర్వాయర్ మూత బిగించి కేబినెట్‌ను నెమ్మదిగా అటూ ఇటూ వంచుతూ ఉండాలి. కొన్ని గంటలపాటు పంపును తిరగనిచ్చి, టిష్యూలన్నీ పొడిగా ఉన్నాయని చూసుకున్నాకే మిగతా వైర్లు కలపండి. మొదటి వారంలో బుడగలు పోయిన కొద్దీ రిజర్వాయర్‌లో మట్టం కాస్త తగ్గుతుంది, అది లీకేజీ అని కంగారు పడకుండా ఆ మేరకు పోయండి. నీరు వదలడానికి అన్నిటికన్నా కిందనున్న ఫిట్టింగు దగ్గర చిన్న వాల్వు ఇప్పుడే పెట్టండి. ఏడాదికోసారి కూలెంట్ మార్చేటప్పుడు అది లేకపోతే కేబినెట్ మొత్తం విప్పవలసి వస్తుంది.