'శత్రు విమానం కాల్చవచ్చు': ఎవరు ఎవరిని?

సందేహం: మాది కావలి. నేనూ స్నేహితులూ కంప్యూటర్‌లో యుద్ధ విమానాల సిమ్యులేటర్ ఆడతాం. కార్గిల్‌లో లాగా సరిహద్దు దాటకుండా పోరాడే క్యాంపెయిన్ (వరుసగా ఆడే మిషన్ల కథ) ఒకటి నేనే తయారుచేసి, మిషన్‌కు ముందు చదవాల్సిన సూచనలు తెలుగులో రాశాను. ముందు వాళ్లు కాలిస్తేనే మనం కాల్చాలన్నది అందులో నియమం. అయితే 'సరిహద్దు దాటితే శత్రు విమానం కాల్చవచ్చు' అన్న వాక్యం చదివి, ఒంగోలులో ఉండే మా బావమరిది గీత దాటి వచ్చిన విమానాన్ని వెంటనే కూల్చేశాడు. మిషన్ ఫెయిల్. నేను రాసింది హెచ్చరిక, వాడు చదివింది అనుమతి. తప్పెవరిది? ఎప్పుడు కాల్చాలో, ఎప్పుడు కాల్చకూడదో చెప్పే 'రూల్స్ ఆఫ్ ఎంగేజ్‌మెంట్'ను యుద్ధధర్మాలు అనవచ్చా? ఫోన్‌లో అనువాదం చేయిస్తే 'నిశ్చితార్థ నియమాలు' అని వచ్చింది.

సమాధానం: తప్పు మీ బావమరిదిది కాదు, మీ వాక్యానిది. మా ఇంట్లో చదివి వినిపిస్తే ముగ్గురిలో ఇద్దరు ఆయన వైపే నిలబడ్డారు.

చెట్టు కొట్టాడు, బండి తోలాడు, అన్నం తిన్నాడు అంటాం. ఎక్కడా 'ను' లేదు, అయినా ఎవరికీ ఇబ్బంది లేదు. చెట్టు మనిషిని కొట్టదు కదా! ప్రాణమున్నవాటి దగ్గర ఈ వెసులుబాటు చెల్లదు. 'ఎద్దు కట్టేశాడు' అంటే ఒంగోలులో నవ్వుతారు, ఎద్దును కట్టేయాల్సిందే. ప్రాణం లేనివాటిని పాత వ్యాకరణాలు జడాలన్నాయి. యుద్ధ విమానం కూడా వ్యాకరణం లెక్కలో జడమే, చెట్టుతో సమానం. కాకపోతే ఈ చెట్టు తిరిగి కాలుస్తుంది. అందుకే మీ వాక్యంలో విమానం కాల్చేదో, కాల్పించుకునేదో తేలలేదు.

దానికి తోడు 'దాటితే' అన్నారు, దాటేది ఎవరో చెప్పలేదు. చివర 'వచ్చు' ఒకటి. 'సాయంత్రం వాన పడవచ్చు' అన్నప్పుడు అది జరగడానికి వీలుందని. 'ఇక మీరు వెళ్లవచ్చు' అన్నప్పుడు అనుమతి. ఒక్క వాక్యంలో మూడు చోట్ల తలుపులు తెరిచిపెట్టి, లోపలికి వచ్చినవాణ్ణి తప్పుపడితే ఎలా?

ఇలా రాయండి: 'మీరు సరిహద్దు దాటకూడదు. దాటితే శత్రు విమానం మిమ్మల్ని కాల్చే ప్రమాదం ఉంది. అది గీత దాటి వచ్చినా సరే, ముందు కాలిస్తే తప్ప మీరు దాన్ని కాల్చకూడదు.' పొడుగైంది, నిజమే. పొదుపుకు ఇది చోటు కాదు.

ఇక పేరు సంగతి. నిశ్చితార్థం మాట వదిలేద్దాం, ఉంగరాలు మార్చుకుని ఎవరూ యుద్ధానికి పోరు. యుద్ధధర్మాలన్న మాట అందంగానే ఉంది కానీ అతకదు. భీష్మపర్వంలో కురుపాండవులు యుద్ధానికి ముందు ఒప్పందం చేసుకుంటారు: రథికుడు రథికుడితోనే పోరాడాలి, ఆయుధం లేనివాణ్ణి, వెన్ను చూపినవాణ్ణి కొట్టకూడదు. సంస్కృతంలో దాన్ని 'సమయం' అన్నారు. సమయం అంటే ఒప్పందమనే అర్థం ఇప్పుడు మనకు దాదాపు పోయింది. విరాటపర్వం నుంచి భారతాన్ని తెలుగు చేసినవాడు మన నెల్లూరు తిక్కన, కాబట్టి ఆ మాట దగ్గర ఒక్క క్షణం ఆగకుండా పోలేకపోయాను. అసలు విషయం ఏమిటంటే, అది ఇరుపక్షాలూ కూడబలుక్కున్న కట్టు. మీరడిగేది సొంత పక్షం తన పైలట్లకే వేసే పగ్గం. 1999 మే 26న కార్గిల్‌లో మన వాయుసేన సఫేద్ సాగర్ ఆపరేషన్ మొదలుపెట్టినప్పుడు, నియంత్రణ రేఖ దాటవద్దన్న ఆదేశం ఢిల్లీ నుంచి వచ్చింది, అవతలివాళ్లతో కుదుర్చుకున్నది కాదు. 1965–68 మధ్య ఉత్తర వియత్నాంపై బాంబులు వేసిన అమెరికన్ పైలట్లకూ అంతే. అక్కడి రాజధాని హనోయ్ చుట్టూ 30 నాటికల్ మైళ్ల వలయం గీసి, పైనుంచి అనుమతి లేనిదే అందులో దాడి చేయకూడదన్నది వాళ్ల ప్రభుత్వమే.

అందుకని 'కాల్పుల నిబంధనలు' అనండి. నిబంధనలో బంధం ఉంది, పైగా కౌలు కాగితం చూసిన ప్రతివాడికీ తెలిసిన మాట. ఎంగేజ్‌మెంట్ అంటే కాల్పులొక్కటే కాదని, 'తలపడే నిబంధనలు' అందామని మొదట నాకూ అనిపించింది. రాసి చూస్తే నిబంధనలే ఒకదానితో ఒకటి కొట్టుకుంటున్నట్టు ఉంది!

మీ సిమ్యులేటర్‌లో ఉండే 'రిటర్న్ ఫైర్'కు మాత్రం ఎదురుకాల్పులు అని పెట్టకండి. మన పత్రికలు ఎన్‌కౌంటర్‌కు వాడి వాడి ఆ మాటకు వేరే వాసన అంటించాయి. 'కాలిస్తేనే కాల్చు' చాలు. 'వెపన్ హోల్డ్'కు 'కాల్చొద్దు'.

క్యాంపెయిన్‌ను ఒకచోట 'ప్రచారం' అని రాశారు, అది ఓట్లకు. దండయాత్ర అందామంటే మీవాళ్లు గీతే దాటరాయె. క్యాంపెయిన్ అనే ఉంచండి.