పాత విమానాల ఫొటోలతో ఇల్లు గడుస్తుందా?

ప్రశ్న: మాది అంబాజీపేట దగ్గర పల్లెటూరు, కొబ్బరి వ్యాపారం. మా అబ్బాయి అమలాపురంలో ఇంటర్ సెకండియర్ ఎంపీసీ చదువుతున్నాడు. ఈఏపీసెట్ రాయనంటున్నాడు. ఫారిన్‌లో కొందరిలాగా పాతకాలపు విమానాలు ఎగురుతుండగా ఫొటోలు, వీడియోలు తీస్తాడట. లక్షలు పోసి పెద్ద లెన్సు కొనమని రోజూ గొడవ. వాళ్ళమ్మకి ఒకటే టెన్షన్. అసలు ఇదొక ఉద్యోగమేనా?
– ఒక తండ్రి

జవాబు: లెన్సు ఇప్పుడే కొనకండి. పరీక్ష మాత్రం రాయించండి. అలాగని మీవాడివి గాలి మాటలని కొట్టిపారేయకండి. ఆ పని నిజంగానే ఉంది, చాలా కష్టమైన పని.

ముందు డబ్బు సంగతి. మన దేశంలో పాత విమానాల ఫొటోలు ఒక్కటే నమ్ముకుంటే ఇల్లు గడవదు. ప్రతిభ లేక కాదు, తీయడానికి విమానాలే లేక. ఎగిరే పాత విమానాలంటే మనకి ముందు గుర్తొచ్చేది వైమానిక దళం వారి వింటేజ్ ఫ్లైట్ అనే పాత విమానాల బృందం. టైగర్ మాత్, హార్వర్డ్, 2018లో వచ్చిన డకోటా అందులోవే. 1947 అక్టోబరు 27న మన సైనికుల్ని శ్రీనగర్‌లో దించిన డకోటాలకి గుర్తుగా ఆ విమానానికి వీపీ 905 అనే నంబరు వేశారు. తర్వాత ఢిల్లీలో రిపబ్లిక్ డే నాడు కూడా ఎగిరింది. ఇంగ్లండ్‌లోని డక్స్‌ఫర్డ్, ఏటా జూలైలో అమెరికాలోని ఆష్‌కాష్‌లో జరిగే ప్రదర్శనల కథ వేరు. అక్కడ రెండో ప్రపంచ యుద్ధం నాటి విమానాల్ని సొంత డబ్బుతో బాగుచేయించి నడిపేవాళ్ళున్నారు, ఫొటోలు కొనే పత్రికలూ ఉన్నాయి. అక్కడైనా దీన్ని రెండో సంపాదనగా పెట్టుకోవడమే క్షేమం. మన కోనసీమలో కెమెరా పట్టినవాడికి అన్నం పెట్టేది పెళ్ళిళ్ళు, ఆక్వా కంపెనీల వీడియోలు. అదేం చిన్నతనం కాదు.

ఇక పని సంగతి. దీన్ని మీరూ చదవండి, మీవాడికీ చూపించండి.

ఎగిరే విమానం ఫొటోలో ప్రొపెల్లర్ రెక్కలు కదలకుండా కనిపిస్తే, ఇంజన్ ఆగిపోయిందేమో అనిపిస్తుంది. తెలిసినవాళ్ళు ఆ ఫొటో పక్కన పడేస్తారు. లెక్క మీవాడికి వచ్చిందే. ప్రొపెల్లర్ నిమిషానికి 2,000 సార్లు తిరుగుతోందనుకుందాం. షట్టర్ సెకనులో వెయ్యో వంతు తెరిస్తే, ఆ కాస్త సమయంలో రెక్క కదిలేది 12 డిగ్రీలే. 125వ వంతు తెరిస్తే 96 డిగ్రీలు, అంటే పావు చుట్టు దాటుతుంది. అప్పుడే అది తిరుగుతున్నట్టు కనిపిస్తుంది. కానీ అంత నెమ్మది షట్టర్‌లో విమానం కూడా చెదిరిపోతుంది. అది చెదరకూడదంటే విమానం ఎంత వేగంగా వెళ్తుంటే అంతే వేగంగా కెమెరాని తిప్పుతూ నొక్కాలి. తిరగడం నడుము నుంచి తిరగాలి, మోచేతులు పక్కటెముకలకి ఆనించుకోవాలి, నొక్కేశాక కూడా తిప్పడం ఆపకూడదు. దీన్నే ప్యానింగ్ అంటారు. జెట్ విమానాలకి ఈ బాధ లేదు, వెయ్యో వంతులో హాయిగా తీసుకోవచ్చు. అందుకే జెట్ ఫొటోలు చూసి నేను మురిసిపోను.

వీడియోకి ఇంకో చిక్కు ఉంది. కెమెరాలో బొమ్మని పట్టే మామూలు సెన్సర్ దాన్ని వరస వెంట వరసగా చదువుతుంది. ఒక వరస నుంచి ఇంకో వరసకి వెళ్ళేలోపు రెక్క జరిగిపోతుంది కాబట్టి ఫోన్ వీడియోల్లో ప్రొపెల్లర్ కొడవలిలా వంగి కనపడుతుంది. సెకనుకి 25 ఫ్రేములు, షట్టర్ 50వ వంతు పెట్టి, ఎండ ఎక్కువైతే లెన్సు ముందు వెలుతురు తగ్గించే ఎన్‌డీ ఫిల్టర్ తగిలిస్తే ఆ వంకర చాలావరకు మరుగున పడుతుంది.

ఇదంతా నేర్చుకోవడానికి విమానమే అక్కర్లేదు. కాలువ గట్టు మీద పోయే మోటార్ సైకిల్ చాలు. పక్క నుంచి, 125వ వంతుతో మొదలుపెట్టి 60కి దిగమనండి. చక్రం ఊచలు కలిసిపోవాలి, ట్యాంకు మీద కంపెనీ పేరు మాత్రం చదవగలగాలి. అది కుదిరాక కోరింగ మడ అడవుల దగ్గర గద్దల మీద ప్రయత్నించాలి. అవి ఎటు తిరుగుతాయో చెప్పలేం కాబట్టి అసలు పరీక్ష అక్కడే. హెలికాప్టర్ కనిపిస్తే షట్టర్ ఇంకా తగ్గించాలి, దాని పెద్ద రోటర్ ప్రొపెల్లర్ కంటే చాలా నెమ్మదిగా తిరుగుతుంది.

లెన్సు వద్దన్నది డబ్బు గురించే కాదు. మన డెల్టాలో పొద్దెక్కితే చేలమీద, చెరువులమీద వేడిగాలి అలలు అలలుగా లేస్తుంది. ఎంత ఖరీదైన లెన్సుతోనైనా సరే, దూరం నుంచి తీస్తే ఆ అలలన్నీ ఫొటోలోకి వస్తాయి. ఏ సాఫ్ట్‌వేరూ దాన్ని బాగుచేయలేదు. పొద్దున్నే, దగ్గరగా ఉన్నదాన్ని తీయడమే మార్గం. దానికి సెకండ్ హ్యాండ్ కెమెరా, 70-300 ఎంఎం జూమ్ లెన్సు సరిపోతాయి. ఎప్పుడైనా బెంగళూరు యెలహంకలో ఏరో ఇండియా విమాన ప్రదర్శనకో, బేగంపేటలో వింగ్స్ ఇండియాకో వెళ్తే ఆ కొద్ది రోజులకి పెద్ద లెన్సు అద్దెకి తీసుకోవచ్చు.

గాల్లో ఒక విమానంలో కూర్చుని పక్క విమానాన్ని తీయడం మీవాడి అసలు కల అయ్యుంటుంది. అక్కడ ఫొటోగ్రాఫర్ మాట చెల్లదు, పైలట్ మాటే చెల్లుతుంది. ఎవరు ఎక్కడ ఉండాలో, ఎటు విడిపోవాలో నేల మీదే మాట్లాడుకుంటారు. తలుపు తీసిన విమానంలో బెల్టు కట్టుకుని కూర్చోవాలి. లెన్సు మూత లాంటి చిన్న వస్తువు కూడా వదులుగా ఉండకూడదు. మోచెయ్యి విమానానికి ఆనిస్తే ఇంజన్ అదురంతా ఫొటోలోకి వస్తుంది. ఏళ్ళు గడిచి, పైలట్లకి నమ్మకం కుదిరాక దక్కే అవకాశం అది.

ఒక హెచ్చరిక. రాజమండ్రి మధురపూడి విమానాశ్రయం గోడ దగ్గర కెమెరా పట్టుకుని తచ్చాడొద్దని గట్టిగా చెప్పండి, అనుమతి అడిగే తీయాలి. విశాఖ విమానాశ్రయం నౌకాదళానిది, అక్కడ ఇంకా జాగ్రత్త. విమానాల దగ్గర డ్రోన్ ఎగరేయడం నేరం, పైగా ప్రాణాంతకం. డ్రోన్ వృత్తిగా కావాలంటే 2021 డ్రోన్ రూల్స్ ప్రకారం పదో తరగతి పాసై, 18 ఏళ్ళు నిండాక గుర్తింపు పొందిన శిక్షణ కేంద్రంలో సర్టిఫికెట్ తెచ్చుకోవచ్చు.

చదువు విషయానికొస్తే, హైదరాబాద్ ఫైన్ ఆర్ట్స్ యూనివర్సిటీ జేఎన్ఏఎఫ్ఏయూలో ఫొటోగ్రఫీతో బీఎఫ్ఏ డిగ్రీ ఉంది, ప్రవేశ పరీక్ష రాయాలి. ఏదో ఒక డిగ్రీ చేశాక పుణె సినిమా శిక్షణ సంస్థ ఎఫ్‌టీఐఐలో సినిమాటోగ్రఫీకి ప్రయత్నించవచ్చు. నన్నడిగితే మాత్రం ఏరోనాటికల్ బీటెక్ వైపు మొగ్గుతాను, అదీ వాడికి ఇంజన్లంటే ఇష్టముంటేనే. విమానం గురించి తెలిసినవాణ్ణే విమానం దగ్గరికి రానిస్తారు. ఈఏపీసెట్ రాయమనడానికి కారణం ఇదే.

పరీక్షలు అయ్యాక గట్టు మీద వరసగా తీసిన వంద ఫొటోలు, ఒక్కటీ తీసేయకుండా, నాకు పంపమనండి. అందులో పది స్పష్టంగా ఉంటే లెన్సు గురించి అప్పుడు మాట్లాడుకుందాం.