చర్మ పరీక్షలో పాజిటివ్ వస్తే ఒంట్లో పరాన్నజీవి ఉన్నట్టేనా?

చేతికి సూది వేసి చేసిన పరీక్షలో పాజిటివ్ వచ్చిందని, పురుగుల మందు మొదలుపెట్టమన్నారని, నమ్మొచ్చా అని అడిగారు. ఒక్క ఆ పరీక్షను పట్టుకుని మాత్రం మొదలుపెట్టకండి.

మా నాన్నగారికి కాలేయంలో హైడాటిడ్ తిత్తి ఉంటే ఆపరేషన్ చేసి తీశారు. కుక్కల పేగుల్లో ఉండే ఎకినోకోకస్ అనే చిన్న బద్దెపురుగు గుడ్లు మన కడుపులోకి చేరితే వచ్చే జబ్బది. కొన్నేళ్లకు మళ్లీ కుడి డొక్కలో నొప్పి మొదలైతే డాక్టరుగారు కాసోని పరీక్ష చేయించారు. ఒక ముంజేతికి శుద్ధి చేసిన తిత్తి నీరు, రెండో చేతికి సెలైన్, చర్మం పొరలోకి రవ్వంత ఎక్కించారు. అరగంట తిరక్కముందే మొదటి చేతి మీద తెల్లగా దద్దురు లేచి, అంచులు వంకరటింకరగా పాకింది. సెలైన్ ఎక్కించిన చోట ఏమీ లేదు. మళ్లీ ఆపరేషన్ తప్పదేమోనని ఇంటిల్లిపాదీ బెంబేలెత్తిపోయాం. తీరా అల్ట్రాసౌండ్ చేస్తే కాలేయం శుభ్రంగా ఉంది. నొప్పి పిత్తాశయంలో రాళ్లది.

మరి ఆ దద్దురు ఎందుకొచ్చినట్టు? ఆ పురుగు ఒకప్పుడు ఒంట్లో ఉందన్న సంగతిని రోగనిరోధక వ్యవస్థ ఏళ్ల తరబడి గుర్తుపెట్టుకుంటుంది. తిత్తి తీసేసినా చర్మం అలాగే స్పందిస్తుంది. వేరే రకం బద్దెపురుగులున్నా పాజిటివ్ రావచ్చు. పైగా ఆ ద్రవం పడక తీవ్రమైన అలర్జీ వచ్చే ప్రమాదమూ ఉంది. అందుకే స్కానింగులు, ఎలీసా రక్తపరీక్షలు వచ్చాక ఈ పద్ధతిని దాదాపు వదిలేశారు.

నెగటివ్ వచ్చినా ధీమా పనికిరాదు. ఇసుక ఈగ కాటుతో సోకే లీష్మేనియా అనే పరాన్నజీవి వల్ల వచ్చే కాలా అజార్ జబ్బుకు లీష్మానిన్ అనే చర్మ పరీక్ష ఉంది, 48 నుంచి 72 గంటల తర్వాత గట్టిపడ్డ వాపును కొలుస్తారు. జబ్బు ముదిరి ఉన్నప్పుడు అది సాధారణంగా నెగటివే చూపిస్తుంది, నయమయ్యాక పాజిటివ్‌కు మారుతుంది! ఒక ప్రాంతంలో ఎంతమందికి ఆ క్రిమి సోకిందో అంచనా వేయడానికి బాగానే పనికొస్తుంది, మంచంలో ఉన్న మనిషికి మందు రాయడానికి కాదు.

పేగు పురుగులైతే వేర్వేరు రోజుల్లో మలపరీక్ష, మలేరియా అయితే రక్తపరీక్ష, తిత్తులైతే స్కానింగ్. చేతికి ఎలక్ట్రోడ్లు తగిలించి పురుగులు కనిపెడతామనే యంత్రాల జోలికి అసలు పోకండి, వాటికి శాస్త్రీయ ఆధారం లేదు. హైడాటిడ్‌కి అల్బెండజోల్ అనే పురుగుల మందు నెలల తరబడి వాడాల్సి వస్తుంది, మధ్యమధ్యలో కాలేయం పనితీరు, రక్తకణాల సంఖ్య చూపించుకోవాలి. ఊరికే మింగే మందు కాదది.

మీకు ఏ పురుగును అనుమానించి ఈ పరీక్ష చేశారు? స్కానింగ్ అయిందా? ఆ రెండూ రాస్తే, డాక్టరుగారిని ఏమడగాలో ఇంకాస్త వివరంగా చెప్పగలను.