ఫారం-బి నింపే ముందు

గుంటూరు, బ్రాడీపేట

చిరంజీవి లలితకు పెదనాన్న ఆశీస్సులు.

ఎలకల మీద ప్రాజెక్టు చెయ్యాలా వద్దా అని మొన్న ఫోన్లో నువ్వు అడిగినదానికి వెంటనే జవాబు చెప్పలేకపోయాను. ప్రాజెక్టుకు ఎలకలు వాడాలని మీ గైడ్ అన్నారు, ఆ పాపం మనకెందుకే అని మీ అమ్మ అంది. అది చాదస్తం అని నేననను. మీ నాన్న పొద్దున్నే వేసుకునే ఇన్సులిన్ 1921లో బాంటింగ్, బెస్ట్ కుక్కల మీద చేసిన ప్రయోగాలతోనే మొదలైంది, నిజమే. అలాగని ప్రతి ఎం.ఫార్మసీ ప్రాజెక్టుకూ ఆ గొప్ప అంటించుకోలేం.

ముందు నీ ప్రశ్న ఒక్క వాక్యంలో రాసుకో. "మునగాకు సారం వాపు తగ్గిస్తుందా?" అని రాశావనుకో, అది ఇప్పటికే ఎందరో చూశారు. ఏదో ఒక ఆకు నూరడం, ఎలక పాదంలోకి వాపు తెప్పించే క్యారాజీనన్ ఎక్కించి వాపు కొలవడం... డిగ్రీ వస్తుంది, మందు మాత్రం రాదు. కణాల మీదో ఎంజైముల మీదో తేలే ప్రశ్నయితే అలాగే చెయ్యి. అది తక్కువ రకం పని అనేవాళ్ల మాట పట్టించుకోకు. 2023లో మన కొత్త మందుల నిబంధనలు సవరించి అలాంటి పద్ధతులకూ చోటిచ్చారు.

ఎలక తప్పదని తేలితే, ఎన్ని? గుంపుకు ఆరు అని అందరూ రాసేస్తారు. ఎందుకు ఆరు అంటే, సీనియర్లు అలాగే రాశారు! మొత్తం ఎలకల్లోంచి గుంపుల సంఖ్య తీసేస్తే 10కీ 20కీ మధ్య రావాలని ఒక మోటు లెక్క ఉంది. ఐదు గుంపులకు ఆరేసి అంటే 30, తేడా 25. నాలుగేసి అయితే 20, తేడా 15. పది ప్రాణాలు మిగిలాయి. మరీ తగ్గించినా ఫలితం తేలక ఉన్నవన్నీ వృథా అవుతాయి కాబట్టి, స్టాటిస్టిక్స్ సార్‌కి ముందే చూపించు. జంతువుల మీద ప్రయోగాలకు అనుమతిచ్చే ఎథిక్స్ కమిటీలో సైన్సుతో సంబంధం లేని సభ్యులొకరు ఉంటారు. ఆ కుర్చీలో మీ అమ్మ కూర్చుందనుకుని, ఆ అనుమతి అడిగే ఫారం-బి రాయి.

మొదటి వారం మందు జోలికి పోకు. ఎలకను చేతిలోకి తీసుకోవడం అలవాటు చేసుకో. తోక చివర పట్టి ఎత్తితే తోలు ఊడొస్తుంది. నోట్లో గొట్టంతో మందు పోసేటప్పుడు దారి తప్పితే ఊపిరితిత్తుల్లోకి పోతుంది, అందుకని ముందు బొమ్మ ఎలక మీద నేర్చుకో.

మే నెలలో మాత్రం పెట్టుకోకు. ఎలకల గది వేడి 29 డిగ్రీలు దాటకూడదు. మన ఎండల సంగతి నీకు తెలుసు. నేను పీజీ చేసేటప్పుడు ఒక రాత్రి కరెంటు పోయింది, జనరేటర్ లేదు. పొద్దున్న తలుపు తీసేసరికి ఎనిమిది చచ్చి పడున్నాయి. మందు వల్ల పోయినా ఏదో ఒకటి తెలిసేది. కొత్తవి తెప్పించి పని పూర్తి చేశాను. థీసిస్‌లో ఆ ఎనిమిదీ ఎక్కడా లేవు, ఎవరూ అడగలేదు. నీ దగ్గర ఏది పోయినా, ఎందుకు పోయిందో ఆ రోజే రిజిస్టర్లో రాయి.

ఫారం రాశాక ఆదివారం పట్టుకుని రా, చూస్తాను. ఈ ఉత్తరం మీ అమ్మకూ చూపించు. ఆ ఎనిమిది ఎలకల మాట మీ పెద్దమ్మకు కూడా ఇంతవరకూ చెప్పలేదు.

మీ పెదనాన్న