లేహ్ వెళ్తున్న మా అమ్మాయికి

తల్లీ,

లదాఖ్‌లో లేహ్ దగ్గర, రోడ్డుకి ఎగువనున్న కొండ వాలు మీద పొదలు నాటే పనికి ఒప్పుకున్నావని నిన్న మీ నాన్న ఫోన్లో చెప్పాడు. గర్వంగా అనిపించింది. ఆ వెంటనే టెన్షన్ కూడా పట్టుకుంది. 3,500 మీటర్ల ఎత్తు, ఏడాది మొత్తానికీ వాన, మంచు కలిపి సుమారు 100 మిల్లీమీటర్లు. అక్కడ మొక్క బతకడమే గొప్ప. నువ్వేమో దాని చేత కొండ మట్టిని జారకుండా పట్టించాలనుకుంటున్నావు.

వెళ్లగానే రెండు రోజులు ఏ పనీ పెట్టుకోకు, ఆ ఎత్తుకి ఒళ్లు అలవాటు పడాలి. మొక్కలు అక్కడి నేలవే ఎంచుకో. సీ బక్‌థార్న్ అనే ముళ్ల పొద ఉంది కదా, వేళ్ల నుంచే కొత్త పిలకలు వేస్తుంది, నేలకు నత్రజని చేరుస్తుంది. ముళ్లున్నాయని ధీమాగా ఉండకు, లేతగా ఉన్నప్పుడు పశువులు మేస్తాయి. కంచె వేయించు.

ఇక అసలు సంగతి వేళ్లు. మట్టి నొక్కితే తట్టుకుంటుంది, లాగితే విడిపోతుంది. లాగుడును ఓర్చుకునేది వేరు. జారబోయే పొరను దాటి వేళ్లు కిందికి దిగి ఉంటే, మట్టి కదలగానే అవి బిగుసుకుని ఆ లాగుడును తాము తీసుకుంటాయి. లావు వేరుదే బలమనుకోకు. మందంతో పోల్చి చూస్తే సన్న వేళ్లే గట్టివి. నిలువుగా దిగేవి లోతున పట్టు ఇస్తాయి, పక్కలకు పాకేవి పైమట్టిని అల్లి ఉంచుతాయి. రెండూ కావాలి.

ఉద్యోగంలో ఉండగా అలాంటి చలి ఎడారి వాలు మీదే ఒక కాంట్రాక్టర్ వేయించిన మొక్కల్ని చూశాను. పచ్చగా ఉన్నాయి, బిల్లు కూడా పాసైంది. చలికాలం పోయాక పై జానెడు మట్టి కరిగింది. కింద ఇంకా గడ్డకట్టే ఉంది. కరిగిన నీళ్లకు లోపలికి ఇంకే దారి లేక ఆ హద్దు మీదే నిలిచిపోయాయి. ఒక మధ్యాహ్నం ఆ పై పొరంతా మొక్కలతో సహా తడి దుప్పటి జారినట్టు రోడ్డు మీదకు వచ్చేసింది. అదృష్టం, కింద ఎవరూ లేరు. నేను ఆ బురదలోంచి ఒక మొక్కను తీసి కడిగి చూశాను. నాటి రెండేళ్లయినా దాని వేళ్లు ఇంకా నర్సరీ కవర్ ఆకారంలోనే ఉన్నాయి. అడుగున చుట్టలు చుట్టుకుని, ఒకదాన్నొకటి నొక్కేసుకుని ఉన్నాయి. వేలితో విప్పబోతే పుటుక్కున విరిగాయి. పక్క మొక్కదీ అదే కథ. చిన్న కవర్లలో మరీ ఎక్కువ కాలం ఉంచేశారు. నాటేటప్పుడు ఆ చుట్టల్ని కోసి విప్పినవాళ్లే లేరు. పైన ఆకులు చూసి అందరూ సంతోషపడ్డారు. కింద వాలుకీ మొక్కకీ సంబంధమే ఏర్పడలేదు.

అందుకే లారీ రాగానే కొన్ని కవర్లు చించి చూడు. వేళ్లు చుట్టలు తిరిగి ఉంటే లోడు వెనక్కి పంపు. సీజన్ దాటిపోతోందని తొందరపెడతారు, వినకు. నీ మొహమాటం నాకు తెలుసు. బళ్లో ఎవరో నీ పెన్సిల్ డబ్బా తీసుకుంటే అడగలేక ఏడుస్తూ ఇంటికొచ్చావు, నేనే వచ్చి అడిగాను. ఇప్పుడు నువ్వే అడగాలి, బంగారం. అడగగలవు కూడా.

రోజూ కాసిన్ని నీళ్లు చిలకరించొద్దు. ఆగి ఆగి, లోతుగా తడుపు, వేరు కిందికి దిగుతుంది. అది పట్టు సాధించడానికి కొన్నేళ్లు పడుతుంది కాబట్టి ఈలోపు వాలుకి అడ్డంగా రాతి వరసలు పెట్టించు. వంటచెరకు కోసం పొదల్ని మొదలంటా పెకలించొద్దని ఊరివాళ్లతో ముందే మాట్లాడుకో. చచ్చిన వేరు మెల్లగా కుళ్లి బలం పోగొట్టుకుంటుంది.

ఇంకొకటి, ఇది రాస్తుంటే కూడా నాకు భయమే. 2010 ఆగస్టులో ఒక్క రాత్రి కుండపోతకి లేహ్‌లో బురద వరద వచ్చి వందల మందిని పొట్టన పెట్టుకుంది. అలాంటిదాన్ని పొదలు ఆపలేవు. అవి పట్టి ఉంచేది పైనున్న మీటరు, మీటరున్నర మట్టినే. లోతున కదిలే కొండ మీద పొదలు నాటేసి, ఇక భయం లేదని ఊరివాళ్లకు ధైర్యం చెప్పకు. ముందు భూగర్భ శాస్త్రం తెలిసినవాళ్లకు చూపించు. మంచు కరిగే రోజుల్లో మధ్యాహ్నం దాటాక నువ్వు గానీ నీ కూలీలు గానీ ఆ వాలు కింద ఉండొద్దు. పని ఆగినా సరే, వాళ్లను పొద్దున్నే పిలిచి, ఎండ ముదరక ముందే పంపించెయ్.

మీ పెదనాన్న