నాయనమ్మను పెద్దాసుపత్రికి తీసుకెళ్తున్న రాజేష్‌కు

చి. రాజేష్‌కు, పెద్దమ్మ ఆశీస్సులు.

మీ నాయనమ్మ బాత్రూంలో జారిపడిందనీ, ఎక్స్‌రేలో తుంటి విరిగినట్టు తేలిందనీ మీ అమ్మ ఫోన్ చేసి చెప్పింది. పొలం తాకట్టు పెట్టి కార్పొరేట్ ఆసుపత్రికి తీసుకెళ్దామని అందరూ అంటుంటే, సర్కారు పెద్దాసుపత్రిలోనే చేయిద్దామని నువ్వొక్కడివే పట్టుబట్టావట. చాలా గర్వంగా ఉందిరా. అంతకంటే ఎక్కువ భయంగా ఉంది. ఎముకల వార్డులో ఉద్యోగం చేసినదాన్ని, ఎక్కడెక్కడ తేడా వస్తుందో నాకు తెలుసు. మాటల్లో చెబితే సగం మర్చిపోతావని రాసి పంపుతున్నా.

108కి ఫోన్ చేసి అందులోనే తీసుకెళ్లు, ఆటోలో వద్దు. కాలికి రెండువైపులా దిండ్లు పెట్టు. ఓపీ లైన్లో నిలబడకుండా నేరుగా క్యాజువాలిటీకి వెళ్లు. ఎక్స్‌రే ఫిల్ము మడవకు. దుప్పటి, బకెట్టు, ఫ్లాస్కు, ఛార్జరు పెట్టుకో.

కాగితాల విషయంలో మాత్రం అశ్రద్ధ చెయ్యకు. బియ్యం కార్డు, ఆధార్ ఒరిజినల్స్, వాటి జిరాక్సులు ఒక ప్లాస్టిక్ ఫోల్డరులో పెట్టు. రెండింట్లో పేరూ వయసూ ఒకేలా ఉన్నాయో లేదో ఈ రాత్రే చూడు. 2007లో ఆరోగ్యశ్రీగా మొదలైన ఉచిత వైద్య పథకమే మన ఆంధ్రలో ఇప్పుడు ఎన్టీఆర్ వైద్య సేవ. అడ్మిట్ అవగానే, ఆసుపత్రిలో ఆ పథకం పనులు చూసే ఆరోగ్యమిత్ర డెస్కు దగ్గరికి వెళ్లు. పొలం పనితో అరిగిపోయిన ముసలివాళ్ల వేలిముద్రలు మిషను ఒక్కోసారి తీసుకోదు. అప్పుడు ఓటీపీ కావాలంటారు కాబట్టి ఆధార్‌కు లింకైన ఫోను ఎవరి దగ్గరుందో కనుక్కుని వెంట తీసుకెళ్లు. ఎవరైనా పరీక్ష బయట చేయించుకురమ్మంటే, ఆ మాట చీటీ మీద రాసివ్వమని అడిగి ముందు ఆరోగ్యమిత్రకు చూపించు. స్ట్రెచర్ తోసినందుకు చెయ్యి చాపేవాళ్లు ఎదురైతే డబ్బులివ్వకు, గొడవకూ దిగకు. ఒక పక్క నువ్వే పట్టుకుని తొయ్యి. మరీ పీడిస్తే ఆరోగ్య హెల్ప్‌లైన్ 104కి ఫోన్ చేసి చెప్పు.

ఇప్పుడు చెప్పేది బాగా గుర్తుపెట్టుకో. పెద్దాసుపత్రిలో ఎముకల విభాగమంతా ఒకటి కాదు, యూనిట్లుగా ఉంటుంది. మీ నాయనమ్మ ఏ యూనిట్ కింద చేరిందో కేస్ షీటు మీద ఉంటుంది, అది కంఠతా పట్టు. ప్రతి యూనిట్‌కూ వారంలో ఆపరేషన్ రోజులు వేరుగా ఉంటాయి. ఆ రోజు తప్పిందంటే మర్నాడు చేస్తారనుకోకు, ఆ యూనిట్‌కు మళ్లీ థియేటర్ దొరికే రోజు దాకా ఆగాల్సిందే. ఒక్క రక్తపరీక్ష రిపోర్టు పొద్దున పదింటికి బదులు సాయంత్రం వస్తే మూడు నాలుగు రోజులు పోయేది అందుకే. ఈసీజీ, ఎకో, ఛాతీ ఎక్స్‌రే, హిమోగ్లోబిన్, క్రియాటినిన్, సోడియం, షుగరు... ఏది వచ్చింది, ఏది రాలేదు అని రోజూ రౌండ్స్ ముందు యూనిట్ పీజీని, అంటే అక్కడ పై చదువు చదువుతూ పనిచేసే డాక్టరును, అడుగు. హడావుడిగా పోయే తెల్లకోటు ప్రతివాళ్లనీ అడిగితే ఒక్కొక్కరు ఒక్కో మాట చెబుతారు. ఆమె ఇంట్లో వేసుకునే మాత్రలన్నీ అట్టలతో సహా తీసుకెళ్లు. రక్తం పలచబరిచే మాత్ర ఉంటే మొదటిరోజే చెప్పాలి, ఎప్పుడు ఆపాలో వాళ్లే చెబుతారు. రక్తం ఇవ్వడానికి మీ స్నేహితుల్లో ఇద్దరిని సిద్ధంగా ఉంచు.

ఇక నా అసలు భయం. 2011లో మీ తాతయ్యకూ ఇదే తుంటి విరిగింది. నువ్వు అప్పటికి బడిలో ఉన్నావు, నీకు సరిగ్గా తెలియదు. ఒకసారి బీపీ ఎక్కువుందని ఆపరేషన్ ఆపారు. రెండోసారి పొద్దుట్నించీ పస్తుంచి, సాయంత్రం, యాక్సిడెంటు కేసులొచ్చాయి, ఈరోజు కుదరదన్నారు. ఎందుకు ఆగిందో, మళ్లీ ఎప్పుడో కూర్చోబెట్టి చెప్పిన మనిషి లేడు. మీ నాన్నకు కోపం కట్టలు తెంచుకుంది. వైద్యుల సలహాకు విరుద్ధంగా తీసుకెళ్తున్నామన్న కాగితం మీద సంతకం పెట్టి, మనిషిని ఇంటికి తెచ్చేసి నాటుకట్టు కట్టించాడు. సంతకం పడగానే ఆ కేసు మూసేస్తారు, పథకం కింద వచ్చిన అనుమతీ అంతటితో సరి.

తుంటి దగ్గర తొడ ఎముక పైకొసన గుండులాంటి తల, దాని కింద సన్నటి మెడ ఉంటాయి. ఆ మెడ విరిగితే పైనున్న గుండుకు రక్తం అందించే సన్నటి నాళాలు తెగిపోవచ్చు. ఆ కీలు కండల లోతున ఉంటుంది. పైనుంచి ఎంత బిగించి కట్టినా లోపల ఎముక కదులుతూనే ఉంటుంది, అతకదు. మనిషి మంచం మీదే ఉండిపోతాడు. నడుము కింద పుండ్లు పడతాయి, ఊపిరితిత్తుల్లో కఫం నిలిచి న్యుమోనియా వస్తుంది. తాతయ్యను తీసుకెళ్లింది విరిగిన ఎముక కాదు, ఆ పడకే. మీ నాన్నను మాత్రం ఈ విషయంలో ఒక్క మాట కూడా అనకు. నిద్రలేక, తిండిలేక, తండ్రి మూలుగు వింటూ వరండాలో పడి ఉన్న మనిషి ఆయన. ఆ సంగతి ఎత్తితే ఇప్పటికీ లేచి బయటికి వెళ్లిపోతాడు.

నీకూ అలాంటి సాయంత్రం ఒకటి రావచ్చు. వస్తే కేకలెయ్యకు. ఆగింది రిపోర్టు వల్లా, ఎమర్జెన్సీ కేసుల వల్లా, పథకం అనుమతో లోపల వేసే ఇంప్లాంటో రాకపోవడం వల్లా అని అడుగు. రిపోర్టయితే ల్యాబ్‌కు నువ్వే పరుగెత్తు. అనుమతయితే ఆరోగ్యమిత్రను కదలకుండా పట్టుకో. ఎమర్జెన్సీ అయితే వచ్చే లిస్టులో పేరు ముందు రాయమని అడుగు. ఈరోజు లేదని తేలగానే, అన్నం పెట్టొచ్చా అని సిస్టర్‌ను అడుగు. ఆ మాట చెప్పడం అందరూ మర్చిపోతారు, షుగరున్న ముసలామె రాత్రిదాకా పస్తుంటుంది, కళ్లు తిరిగి పడిపోతుంది.

ఆపరేషన్ దాకా ఆమె ఒళ్లు కాపాడాల్సింది మీరే. రెండు గంటలకోసారి, కాళ్ల మధ్య దిండు పెట్టి, సిస్టర్ చూపించినట్టు కొంచెం పక్కకు ఒరిగించాలి. పిక్కల కింద దుప్పటి మడత పెట్టి మడమలను గాలిలో ఉంచాలి. నడుము కింద ఎర్రబడితే వేలితో నొక్కి వదులు. ఆ ఎరుపు తెల్లబడకపోతే పుండు మొదలైనట్టే, రుద్దకుండా సిస్టర్‌కు చూపించు. ఊపిరితిత్తుల వ్యాయామానికి మూడు బంతుల పరికరం ఇస్తే దాన్ని ఊదకూడదు, నోటితో నెమ్మదిగా లోపలికి పీల్చాలి. వార్డులో సగం మంది ఊదుతూనే ఉంటారు. రాత్రిపూట ఆమె ఎవరినో పిలిచినా, చనిపోయినవాళ్లతో మాట్లాడినా, మతి పోయిందని ఏడవకండి. ఈ వయసులో తుంటి విరిగినవాళ్లకు అలా అవుతుంది. వెంటనే డ్యూటీ డాక్టరుకు చెప్పండి, కళ్లద్దాలు పెట్టి, పేరు పెట్టి పిలుస్తూ ఉండండి.

తర్వాత వాకరు పట్టించి త్వరగానే నిలబెడతారు, నొప్పంటుందని జాలిపడి ఆపకు. బాసింపట్టు, పీట, కాలు మీద కాలు ఇక వద్దు. ఇంట్లో కమోడ్ కుర్చీ ఇప్పుడే ఏర్పాటు చెయ్యి. డిశ్చార్జి రోజు సమ్మరీ, ఎక్స్‌రేలు, పథకం కింద ఇచ్చే పది రోజుల మందులు చేతికొచ్చాకే వార్డు దాటు. కుట్లు తీయించడానికి మీ యూనిట్ ఓపీ రోజే వెళ్లు.

ఆడవాళ్ల వార్డులో రాత్రి మగవాళ్లను ఉండనివ్వరు. ఆదివారం పొద్దున బస్సుకు నేను వస్తున్నా, రాత్రుళ్లు నేనుంటాను, పగలు నువ్వు చూసుకో. అప్పటిదాకా మీ అమ్మను ఉంచు, రెండు గంటలకోసారి ఒరిగించే సంగతి ఆమెకు చెప్పు.

పెద్దమ్మ